తనను తాను కాచుకొను ట్రాన్సిస్టరు
కరిసల్ సీమ అనుభవము వెలుగులో ఒక చారిత్రక పరిశీలనము

ఉపోద్ఘాతము

విరుదునగరము నుండి సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టికి పోవు రైలుబాట కిరువైపుల కానవచ్చునది నల్లరేగడి నేల. తమిళులు దీనిని కరిసల్ అందురు. వానకు బంకయై కాలిని పట్టుకొనుటయు, ఎండకు నెఱ్ఱెలు విచ్చి నోరు తెఱచుటయు ఈ నేల స్వభావము. విజయనగర ప్రభువుల కాలమునను, పిమ్మట 1736 వఱకు సాగిన మధుర నాయక రాజుల కాలమునను తెలుగువారు ఈ నేలకు వచ్చి, బావులు త్రవ్వి, ప్రత్తియు జొన్నయు పండించి స్థిరపడిరి. కమ్మవారు, రెడ్లు, రాజులు, రాజకంబళ నాయకులు మున్నగు వారి సంతతి నేటికిని ఇంట తెలుగు పలుకుచునే యున్నది. 1799 అక్టోబరు 16వ తేదీన కయత్తారులో ఉరితీయబడిన పాంచాలంకుఱిచ్చి పాళెగాడు వీరపాండ్య కట్టబొమ్మన యీ తెలుగు సంతతివాడే. కోవిల్‌పట్టి చేరువ నున్న ఇడైచేవల్ గ్రామమున పుట్టి తమిళ కథాసాహిత్యమునకు వన్నె తెచ్చిన కి. రాజనారాయణన్, కు. అళగిరిసామి గార్ల మాతృభాషయు తెలుగే.

ఈ సీమవారి బ్రతుకు వేడితో పెనవేసికొన్నది. పైన ఎండ; ఊళ్లలో అగ్గిపెట్టెల కర్మాగారములు; పట్టణములలో నూలుమిల్లులు; బావులపై విద్యుత్తు మోటార్లు. వేడిని పుట్టించుట సులభము. పుట్టిన వేడిని హద్దులో నుంచుట విద్య. ఆ విద్య చరిత్రలో కడపటి మెట్లలో నొకటి, లోపలనే ఉష్ణరక్షణ గల పవర్ ట్రాన్సిస్టరు. అది ఎట్లు పుట్టినది, దానిని ఏ విచారణతో ఎన్నుకొనవలెను అను విషయమును, ఈ సీమ ఎఱిగిన రెండు పూర్వోదాహరణములతో కలిపి పరిశీలించుట యీ వ్యాసము ఉద్దేశము.

అగ్గిపెట్టె చెప్పిన పాఠము

పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున ఐరోపాలో వాడుకకు వచ్చిన అగ్గిపుల్లలకు తలయందు తెల్ల భాస్వరము పూసెడివారు. ఏ గరుకు తావున రాచినను అవి మండెడివి. జేబులో నొరసికొన్నను మండెడివి. చేయు కార్మికుల దవడ యెముకలను ఆ విషము తినివేసెడిది. జాగ్రత్తగా నుండుడని హెచ్చరించుటయే అప్పటి రక్షణ.

1844లో స్వీడను దేశీయుడు గుస్తావ్ ఎరిక్ పాష్ మఱియొక త్రోవ చూపెను. మండుటకు కావలసిన పదార్థములను విడదీసి, ఎఱ్ఱ భాస్వరమును పెట్టె ప్రక్కన పూసి, తక్కిన వానిని పుల్లతలపై నుంచినచో, ఆ రెండును కలసినగాని నిప్పు పుట్టదు. యన్‌షోపింగ్ పట్టణపు లుండ్‌స్ట్రోమ్ సోదరులు 1850లలో దీనిని పరిశ్రమగా నెలకొల్పిరి. 1906 నాటి బెర్న్ ఒడంబడికయు, భారతదేశమున 1913 నాటి చట్టమును తెల్ల భాస్వరపు అగ్గిపుల్లలను నిషేధించినవి. 1920లలో అయ్య నాడారు, షణ్ముగ నాడారు గార్లు కలకత్తాలో నేర్చి తెచ్చిన విద్యతో శివకాశిలో మొలకెత్తిన పరిశ్రమ సాత్తూరు, కోవిల్‌పట్టి ప్రాంతములకును వ్యాపించినది.

ఇందలి సారము గమనింపదగినది. క్షేమము వాడువాని మెలకువపై గాక వస్తువు నిర్మాణమునందే ఇమిడినది. ఈ సూత్రమే తరువాత మోటారునకును, అటుపిమ్మట ట్రాన్సిస్టరునకును సంక్రమించినది.

మోటారును కాచిన వంగుడు రేకు

కోయంబత్తూరులో 1937లో జి. డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు గార్లు దేశీయముగా విద్యుత్తు మోటారును నిర్మించిరి. భారతదేశమున తయారైన తొలి మోటారు ఇదియే యని ప్రసిద్ధి. ఇరువురును తమిళదేశపు తెలుగువారే. 1944లో పాపనాశము జలవిద్యుత్కేంద్రము పనిచేయ నారంభించుటతో దక్షిణపు జిల్లాలలో కరెంటు వ్యాప్తికి బలము చేకూరెను. క్రమముగా కపిలె తోలు బావులపై మోటార్లు వెలసెను.

మోటారుతో పాటు క్రొత్త భయమును వచ్చినది. మూడు ఫేజులలో ఒకటి తప్పినచో, అదే బరువు లాగుటకు తక్కిన తీగెలలో సుమారు 1.7 రెట్లు కరెంటు ప్రవహించును. వోల్టేజి తగ్గినను కరెంటు పెరుగును. తీగచుట్టపై నున్న వార్నిషు మాడి మోటారు కాలిపోవును. తీగచుట్టల కప్పు ఆయువు, వేడి 8 లేక 10 డిగ్రీలు పెరిగిన కొలది సగమగునని 1930లో మాంట్‌సింగర్ అను ఇంజనీరు తేల్చెను. కోత ముంగిట మోటారు కాలిన రైతునకు తీగ మరల చుట్టించు కూలి యొక్కటే నష్టము కాదు. చుట్టించి తెచ్చునంత వఱకు నీరందని పైరు అసలు నష్టము.

దీనికి విరుగుడుగా స్టార్టరు పెట్టెలో ఓవర్‌లోడ్ రిలే అమర్చిరి. వేఱువేఱు రీతుల వ్యాకోచించు రెండు లోహముల రేకులను అతికి, మోటారు కరెంటు దానిని వేడిచేయునట్లు చేయుదురు. కరెంటు మితిమీరిన రేకు వంగి మీటను తన్ని, కరెంటును కత్తిరించును. ఇందు రెండు విషయములు ముఖ్యములు. మొదటిది, రేకు చల్లారిన వెంటనే మోటారు తనంతట తానే తిరిగినచో, చెడిన పంపును విప్పుచున్న మనుష్యుని చేయి పోవచ్చును. అందుచే చేతితో నొక్కి మరల నిలుపవలసిన బొత్తాము ఏర్పరచిరి. రెండవది, రిలే షెడ్డు గోడపై నుండును. మోటారు బావిగట్టున నుండును. రిలే కొలుచునది మోటారు వేడిని గాదు, తన వేడిని. మోటారు వేడిని అది ఊహించును గాని ఎఱుగదు. కాపరి వేడి పుట్టు చోటనే యుండవలెనను అవసరము ఇక్కడ స్పష్టమగుచున్నది.

ట్రాన్సిస్టరు స్వభావము

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున బార్డీన్, బ్రాటెన్ అను శాస్త్రజ్ఞులు తొలి ట్రాన్సిస్టరును పనిచేయించిరి. షాక్లీతో కలిసి వారికి 1956లో నోబెల్ బహుమతి లభించినది. తొలినాటి ట్రాన్సిస్టర్లు జెర్మేనియముతో చేయబడినవి. 1950ల మధ్యభాగమున కారు రేడియోలకై పెద్ద కరెంటును మోయగల పవర్ ట్రాన్సిస్టర్లు వచ్చినవి.

వానికొక సహజదోషము కలదు. వేడి పెరిగిన కొలది లోపల కారు కరెంటు పెరుగును. ఆ కరెంటు మరల వేడిని పెంచును. ఒకదానినొకటి పురికొల్పుకొని కడకు ట్రాన్సిస్టరు తన వేడిలో తానే నశించును. జెర్మేనియము 100 డిగ్రీల సెంటిగ్రేడు దాపున లొంగిపోవును. 1954లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ విపణికి తెచ్చిన సిలికాన్ ట్రాన్సిస్టరు 150 మొదలు 200 డిగ్రీల వఱకు తాళును. కాని దోషము సమసిపోలేదు. హద్దు మాత్రమే జరిగినది.

1960ల ఆరంభమున ఆర్.సి.ఎ. సంస్థ వెలువరించిన 2ఎన్3055 అను ట్రాన్సిస్టరును ఎఱుగని రేడియో మెకానిక్కు మన దేశమున అరుదు. పెండ్లిపందిళ్లలో, కోవెల ఉత్సవములలో మ్రోగిన ఎన్నో ఆంప్లిఫయర్లలో పనిచేసినది ఇదియే. దీనిపై 115 వాట్లు అని వ్రాసియుండును. కాని లోహపు తొడుగు 25 డిగ్రీల యందున్నప్పుడే ఆ మాట చెల్లును. తొడుగు 100 డిగ్రీలకు చేరెనేని మోయదగినది సుమారు 66 వాట్లు మాత్రమే. ఈ భేదమును గమనింపక పెద్ద అంకెను నమ్మి కాల్చుకొన్న ట్రాన్సిస్టర్లు లెక్కకు మిక్కిలి.

కాపరి లోనికి వచ్చుట

1969లో నేషనల్ సెమీకండక్టర్ సంస్థలో పనిచేయుచున్న రాబర్ట్ విడ్లర్ రూపొందించిన ఎల్.ఎం.109 అను 5 వోల్టుల రెగ్యులేటరు ఈ చరిత్రలో మలుపు. ఒకే సిలికాన్ తునకపై పెద్ద ట్రాన్సిస్టరును, దాని ప్రక్కనే వేడిని పసిగట్టు చిన్న ట్రాన్సిస్టరును ఆయన నిలిపెను. ఏ లక్షణము ట్రాన్సిస్టరునకు శత్రువో, ఆ లక్షణమునే కాపరిగా నియమించుట ఇందలి చమత్కారము.

అది యెట్లనగా: సిలికాన్ ట్రాన్సిస్టరు మేల్కొనుటకు సాధారణోష్ణతలో దాదాపు 0.65 వోల్టు కావలెను. వేడి ఒక్కొక్క డిగ్రీ పెరిగినకొలది ఈ అవసరము సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గును. 25 డిగ్రీల నుండి 165 డిగ్రీలకు పోవునప్పటికి 140 డిగ్రీలకు 0.28 వోల్టు తగ్గి, 0.37 వోల్టు చాలును. కాబట్టి చిన్న ట్రాన్సిస్టరునకు ఎల్లప్పుడు 0.37 వోల్టు మాత్రమే ఇచ్చియుంచినచో, చల్లగా నున్నంత కాలము అది నిద్రించును. వేడి 165కు చేరగానే మేల్కొని, పెద్ద ట్రాన్సిస్టరునకు పోవు ఆజ్ఞా కరెంటును తాను మళ్లించుకొనును. పెద్దది తగ్గును. స్టార్టరులోని రేకు వలె దూరము నుండి ఊహించుట ఇక్కడ లేదు. కాపరియు, కాపాడబడునదియు ఒకే తునకపై నున్నవి.

1970ల మధ్యకాలమున అదే సంస్థయందు రాబర్ట్ డాబ్కిన్ ఈ యుక్తిని రెగ్యులేటరు నుండి ట్రాన్సిస్టరునకే తెచ్చెను. ఎల్.ఎం.195, దాని తోబుట్టువు ఎల్.ఎం.395 చూచుటకు మూడు కాళ్ల సామాన్య ట్రాన్సిస్టర్లే. లోపల మాత్రము కరెంటు పరిమితి, శక్తి పరిమితి, 165 డిగ్రీల ఉష్ణ పరిమితి అను మూడు కాపులు గలవు. 1 ఆంపియరునకు మించిన కరెంటును ఇది నడుపగలదు. నడిపించుటకు బేసునందు మైక్రో ఆంపియర్లు చాలును. దీనికి మూల్యమును లేకపోలేదు. పూర్తిగా తెఱచుకొన్నప్పుడును దీనిపై దాదాపు 2 వోల్టులు నిలిచియుండును. అనగా 1 ఆంపియరు వద్ద 2 వాట్ల వేడి తప్పదు.

తరువాత మాస్‌ఫెట్ల యుగము వచ్చినది. జర్మనీలోని సీమెన్స్ సంస్థ టెంప్‌ఫెట్ అను పేర, మాస్‌ఫెట్ తునకపై వేడిని పసిగట్టు మఱియొక చిన్న తునకను అతికి, హద్దు మీరినప్పుడు గేటును మూయునట్లు చేసెను. ఒకమారు మూసిన పిమ్మట గేటునకు వచ్చు ఆజ్ఞను తొలగించి మరల ఇచ్చినగాని అది తెఱచుకొనదు. ఇది మన స్టార్టరునందలి చేతిబొత్తాము వంటిది. ఆ శాఖ 1999లో ఇన్ఫినియాన్ అను వేఱు సంస్థయైనది. ఆ సంస్థ ప్రోఫెట్, హిట్‌ఫెట్ శ్రేణులును, ఎస్.టి. సంస్థ ఆమ్నిఫెట్ శ్రేణియు ఈ మార్గమున వెలసినవే. వాహనముల దీపములు, చిన్న మోటార్లు, రిలేలు మున్నగు వానిని నడుపుటలో ఇట్టివి వాడుకయందున్నవి.

ఎన్నిక యందలి విచారణ

చరిత్ర తెలిసినచో ఎన్నిక సుకరమగును. ఈ క్రింది ప్రశ్నలు వరుసగా వేసికొనుట మేలు.

మొదటిది: కాపరి దేనిని చూచుచున్నది? వేడిని మాత్రమే చూచునా, కరెంటును గూడ చూచునా? వోల్టేజి హెచ్చుగా నున్నప్పుడు ట్రాన్సిస్టరులో కరెంటంతయు ఒక్క బిందువునకు చేరి ఆ చోటు క్షణములో కరగిపోవుట కలదు. వేడి ప్రక్కనున్న కాపరిని చేరులోపలనే అనర్థము ముగియును. కావున తీగలు కలసిపోవు అవకాశమున్నచోట ఉష్ణరక్షణ యొక్కటే చాలదు. కరెంటు పరిమితియు శక్తి పరిమితియు ఉండవలెను.

రెండవది: రక్షించిన పిమ్మట ఏమి చేయును? మూయబడి యుండునా, చల్లారి తనంతట తిరిగి మొదలిడునా? మనుష్యుడు దగ్గఱ లేని చోట దీపమునకు రెండవది మేలు. చేయి పెట్టు యంత్రమునకు మొదటిదే శ్రేయస్కరము. ఈ వివేకము క్రొత్తది కాదు. బావిగట్టున ఎనాడో నేర్చినదే.

మూడవది: హీట్‌సింకు లెక్క సరిపోయినదా? ఒక ఉదాహరణము. ట్రాన్సిస్టరులో 30 వాట్లు వేడిగా మారుచున్నవి. లోని తునక నుండి తొడుగు వఱకు వాటునకు 1.5 డిగ్రీలు, అభ్రకపు పలుక వద్ద 0.5, అల్యూమినియము రెక్కల హీట్‌సింకు నుండి గాలికి 2, వెరసి 4 డిగ్రీలు. 30ని 4చే గుణింప 120. కోవిల్‌పట్టి వేసవిలో గాలి 40 డిగ్రీలైన, తునక 160 డిగ్రీలు చేరును. మూసిన పెట్టెలో గాలి 55 అయినచో 175. 200 వఱకు తాళు లోహపు తొడుగు ట్రాన్సిస్టరునకు ఇది చెల్లును గాని, 150 హద్దు గల ప్లాస్టిక్కు తొడుగుదానికి చెల్లదు. రెక్కల పలకను పెద్దది చేసి 2ను 1కి తగ్గించినచో మొత్తము 3, పెరుగుదల 90, పెట్టెలో 145. హద్దునకు లోబడినను అంచుననే యున్నది. కాబట్టి వాట్లను తగ్గించుటయో, పెట్టెకు గాలి రంధ్రములు పెట్టుటయో యుక్తము.

నాల్గవది: రక్షణను దినచర్యగా వాడుచున్నారా? లోపల కాపరి యున్నదని హీట్‌సింకు తగ్గించువారు గలరు. ప్రతిదినము హద్దునకు పోయి మరలివచ్చు ట్రాన్సిస్టరులో వ్యాకోచ సంకోచముల వలన అతుకులును సన్నని తీగలును అలసి తెగును. కాపరి దొంగ వచ్చినప్పటి కొఱకు. తలుపు వేయకుండుటకు అది సాకు కారాదు.

ఐదవది: వోల్టేజి పోటునకు వేఱు ఏర్పాటు కలదా? మోటారు లేక రిలే చుట్టను ఆపినప్పుడు ఎగయు వోల్టేజిని ఉష్ణరక్షణ యెఱుగదు. ఆ పోటును మ్రింగు ఏర్పాటు లోపలనే యున్నదో లేదో చూచి, లేనిచో దానికి డయోడు మున్నగునవి వెలుపల పెట్టవలెను.

కడపటిది మిక్కిలి ముఖ్యము: మార్పు వేళ మెలకువ. రక్షణ గల ట్రాన్సిస్టరును, లేని ట్రాన్సిస్టరును రూపమున ఒక్కటే. మూడు కాళ్లు, అదే తొడుగు. చెడినదానిని తీసి, కాళ్ల వరుస కుదిరినదని సామాన్యమైనదానిని పెట్టిన యంత్రము ఆ దినము చక్కగా పనిచేయును. తరువాత ఎన్నడో గాలి ఆడనిచో, చక్రము బిగిసినచో, ఆపువారు లేరు. అగ్గిపుల్లల గిడ్డంగియు ప్రత్తి కొట్టును ప్రక్కప్రక్కన నుండు ఈ సీమలో ఆ పొరపాటు ఒక యంత్రముతో ముగియకపోవచ్చును. కావున రిపేరు చేయువారు పైనున్న సంఖ్యను పూర్తిగా చదివి, దాని వివరపత్రము చూచిన పిదపనే మార్చవలెను.

ఉపసంహారము

ఈ శాస్త్రమున తెలుగువారికి పాలు లేకపోలేదు. కోయంబత్తూరు మోటారు సంగతి పైన చెప్పబడినది. 1967లో హైదరాబాదున స్థాపితమైన భారత ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను, అనగా ఇ.సి.ఐ.ఎల్. సంస్థకు ఊపిరి పోసిన అయ్యగారి సాంబశివరావుగారు పశ్చిమ గోదావరి సీమవారు. కొఱత యున్నది పనిలో గాదు, పనిని తెలుగులో చెప్పికొనుటలో.

కి. రాజనారాయణన్ గారు కరిసల్ సీమ పలుకుబళ్లను ప్రోగుచేసి 1982లో తమిళమున ఒక మాండలిక నిఘంటువు వెలువరించిరి. 1991లో సాహిత్య అకాడమీ బహుమతి నందినవారు, 2021లో దివంగతులైరి. తెలుగింట పుట్టినవారు తమిళమునకు చేసిన ఆ మహోపకారము తమిళులకును తెలుగువారికిని సమానముగా గర్వకారణము. కాని ఈ సీమ తెలుగు రైతు మోటారుతో, స్టార్టరుతో, తీగచుట్టతో మాటలాడిన మాటలను తెలుగున ప్రోగుచేసినవారు అరుదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము వలన తమిళము నిర్బంధ భాగముగా ప్రతి సంవత్సరము ఒక్కొక్క తరగతి పైకి ప్రాకి, 2015–16 నాటికి పదవ తరగతిని చేరినది. ఈ సీమ బిడ్డ తమిళము చక్కగా నేర్వవలసినదే. అందు వివాదము లేదు. తెలుగు మాత్రము ఇంటి ముచ్చటలకును, పెండ్లి పాటలకును పరిమితమై, పనికి పనికిరాని భాష అనిపించుకొన్న దినమున దానిని ఏ చట్టమును నిలుపలేదు.

రిపేరు దుకాణమున కూర్చున్న తెలుగు కుఱ్ఱవానికి ఈ వ్యాసమందలి లెక్కను తెలుగులో చెప్పినచో అర్థమగును. అర్థమైనచో అతడు ట్రాన్సిస్టరును సరిగా మార్చును. ఒక బావి ఎండదు, ఒక కొట్టు కాలదు. భాష పనిలో నిలుచుట యనగా ఇదియే. తెలుగు సంఘములు తమ యూరి మెకానిక్కులను, మోటారు చుట్టువారిని, మిల్లు కార్మికులను కూర్చుండబెట్టి, వారి నోటి పనిముట్ల పేర్లను, పని మాటలను వ్రాసియుంచుట ఈ తరములోనే జరుగవలసిన కార్యము. ట్రాన్సిస్టరునకు కాపరిని లోపలనే నిలిపిరి. భాషకును కాపు లోపలివారే.